నొప్పి పోయాక రూట్ కెనాల్ మధ్యలో ఆపేయొచ్చా?

మిర్యాలగూడలో అమ్మగారి దవడ పన్నుకు రూట్ కెనాల్ మొదలుపెట్టారని, మొదటి సిట్టింగ్‌కే నొప్పి పోయిందని, ఇక మిగతాది, క్యాప్ (పన్ను పైన వేసే తొడుగు) అవసరమా అని ఒకరు అడిగారు.

అవసరమే. దయచేసి మధ్యలో ఆపకండి.

పన్ను లోపల మెత్తని గుజ్జు ఉంటుంది. నరాలు, రక్తనాళాలు అందులోనే. మొదటి సిట్టింగ్‌లో దాన్ని తీస్తారు కాబట్టి నొప్పి తగ్గింది. కానీ దవడ పన్నుకు సాధారణంగా 3, 4 సన్నని కాలువలుంటాయి. వాటిని పూర్తిగా శుభ్రం చేసి, గట్టా పెర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో మూసేయాలి. ఇప్పుడు పైన ఉన్నది తాత్కాలిక సిమెంటే. అది అరిగితే ఉమ్మి లోపలికి దిగి మళ్లీ చీము పడుతుంది. ఈసారి పన్నులో నరం లేదు కాబట్టి, నొప్పి తెలియకుండానే ఎముక దాకా పోవచ్చు.

క్యాప్ ఎందుకంటే, లోపల గుల్లయిన పన్ను నమిలే బరువుకు ఆగదు. గట్టి సకినం కొరికినా నిలువునా చీలొచ్చు. అలా చీలితే చాలాసార్లు పీకించుకోవడమే గతి. డబ్బుకు ఇబ్బందైతే మెటల్ క్యాప్ అడగండి, సిరామిక్ కంటే తక్కువలో వస్తుంది, గట్టిగానే ఉంటుంది.

షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా డాక్టర్‌కు ముందే చెప్పండి. తర్వాత రెండు మూడు రోజులు కొద్దిగా నొప్పి మామూలే, టెన్షన్ వద్దు. ముఖం వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకొకటి. మన నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వచ్చే గోధుమరంగు మచ్చలు పైపొరవి. వట్టి మచ్చలకు రూట్ కెనాల్ అక్కర్లేదు.