కెమెరాలన్నీ ఆఫ్, పాఠం ఎవరికి?

ప్రశ్న: కాలేజీలో ఆన్‌లైన్ క్లాసులు చెబుతున్నాను. 60 మంది లాగిన్ అవుతారు, 5 నిమిషాల్లో స్క్రీన్ నిండా నల్ల డబ్బాలే. "అర్థమైందా?" అంటే ఒక్కరూ పలకరు. కెమెరా తప్పనిసరి చేయమంటారా?

జవాబు: వద్దండీ. కెమెరా ముందు కూర్చుని ఫోన్ చూసుకోవడం ఎవరికి రాదు? పైగా నెట్ సరిగ్గా లేనివాళ్లకి, ఇంట్లో విడి గది లేనివాళ్లకి అదో టెన్షన్. అసలు చిక్కు మీ "అర్థమైందా?"లోనే ఉంది, దానికి నోరు మెదపకపోవడమే తేలిక కదా. బదులుగా, తడబడేలా చేసే ప్రశ్న ఒకటి నాలుగు ఆప్షన్లతో పోల్ పెట్టండి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి క్లాసులో చేస్తున్నది ఇలాంటిదే: ముందు ఎవరికి వారు జవాబివ్వాలి, తర్వాత పక్కవాళ్లతో వాదించుకుని మళ్లీ ఇవ్వాలి. మీరైతే ముగ్గురు నలుగురిని కలిపి బ్రేకౌట్ రూముల్లోకి, అంటే అదే ఆన్‌లైన్ క్లాసులోని విడి చిన్న గదుల్లోకి పంపండి, కానీ చేతికి ఏదో ఒక పని ఇచ్చి, 3 నిమిషాలే టైమిచ్చి పంపండి, లేకపోతే అక్కడా మౌనవ్రతమే. ముందే రికార్డు చేసే వీడియోలైతే 6 నిమిషాలు దాటనివ్వకండి. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించిన 2014 నాటి అధ్యయనం చెప్పిన మాట అది. మొదట్లో చాట్‌లో రాసేది పది మందే, కంగారుపడకండి, వాళ్లు రాసిన తప్పు జవాబునే పట్టుకుని పాఠం నడపండి.