రీసర్ఫేసింగ్ చేయించిన బౌలింగ్ బాల్ గుండ్రంగనే ఉందా?

తమ్మీ, రీసర్ఫేసింగ్ (బాల్ పైపొరను రుద్ది కొత్తగ చేసుడు) చేయించినంక బాల్ లేన్ (బాల్ దొర్లించే బాట) మీద టక్ టక్ అంటుంది, గుండ్రం పోయిందేమో అని అడిగినవ్. ముందు ఒక్కటి చూడు. ఒకసారి వేసి, తిరిగొచ్చినంక తుడవకుండ వెలుతురుకు పట్టుకో. లేన్‌కు పూసిన నూనె చారలు బాల్ మీద కనిపిస్తయి. చార బొటనవేలి రంధ్రం అంచు మీదుగ పోతుంటే చప్పుడు అక్కడిదే. నా బాల్‌కు గదే అయింది, రెండు వారాలు ఊకెనే బుగులుపడ్డ.

చార రంధ్రాలకు దూరంగ ఉంటేనే కొలత సంగతి. టేపు చుట్టితే సైజు తెలుస్తది, గుండ్రం తెల్వది. వెర్నియర్‌నూ (రెండు దవడల నడుమ పట్టి వ్యాసం కొలిచే స్కేలు) పూర్తిగ నమ్మకు: మూడు దిక్కుల ఉబ్బిన బాల్‌కు ఎటు కొలిచినా వ్యాసం ఒక్కతీరుగనే రావొచ్చు. డయల్ గేజే (సన్నటి ఎత్తుపల్లాలను ముల్లుతోని చూపే గడియారమసొంటి సాధనం) కావాలె. మన హన్మకొండల మంచి లేత్ షాపుకు పో. నాలుగించుల పీవీసీ పైపు ముక్క సమంగ కోయించి, అంచు నున్నగ రుద్ది, బాల్‌ను దాని మీద కూసోబెట్టు. గేజ్‌ను మాగ్నెట్ స్టాండుకు బిగించి, మొన బాల్ నెత్తికి ఆనిచ్చి, ముల్లు సున్నాకు తే. ఇగ మెల్లగ తిప్పు, రంధ్రాల మీదికి పోనియ్యకు. అంచు మీద చిన్న దుమ్ము కణమున్నా ముల్లు దుంకుతది, తుడిచి మళ్ల చూడు. అడ్డంగ ఇంకో రెండు చుట్లు తప్పకుండ తిప్పాలె.

యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ ఆట నియమాలు పెట్టే సంస్థ) లెక్కల వ్యాసం 8.500 నుంచి 8.595 ఇంచులు, గుండ్రంల తేడా 0.010 ఇంచు, అంటే పావు మిల్లీమీటరు దాటొద్దు. దాటితే మళ్ల రుద్దించు. ఈసారి బాల్‌ను నాలుగు దిక్కులకు మార్చి, ఒక్కో దిక్కు సమానంగ రుద్దమని దగ్గరుండి చెప్పు.