మూసీ కాలువ పూడిక మట్టి వరి మడికి తోలుకోవచ్చా?

ప్రశ్న: మాకు మూసీ ప్రాజెక్టు కాలువ కింద 3 ఎకరాల వరి ఉంది. కాలువ పూడిక తీసి గట్టు మీద పోశారు. మట్టి నల్లగా, మెత్తగా ఉంది. యాసంగికి ముందు పది ట్రాక్టర్లు తోలుకుందామనుకుంటున్నాం. పట్నం మురుగులోని విషమంతా సముద్రంలోకే పోతుంది, భయం లేదని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, కేతేపల్లి మండలం, నల్గొండ జిల్లా

జవాబు: దయచేసి తోలకండి. ఊరి చెరువు మట్టి వేరు, ఇది వేరు. మూసీ పూడికలో హైదరాబాద్ మురుగుతో, ఫ్యాక్టరీ నీళ్లతో వచ్చిన సీసం, క్రోమియం, కాడ్మియం లాంటి లోహాలు ఉంటాయి.

ఇవి ఎక్కువగా సన్నమన్నును అంటిపెట్టుకునే వస్తాయి. నీటి వేగం తగ్గిన ప్రతిచోటా ఆ మన్నుతో పాటు అడుక్కు దిగుతాయి. మిగిలినవే వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి వైపు వెళ్తాయి. నది సముద్రంలో కలిసేచోట ఉప్పునీరు తగలగానే సన్నమన్ను ముద్దకట్టి అక్కడే పేరుకుంటుంది. కాడ్మియం తీరు వేరు. ఉప్పులోని క్లోరైడ్‌తో జతకట్టి మన్నును వదిలి నీళ్లలోకి వస్తుంది. మీ మడిలోనూ అంతే, ఉప్పు పెరిగితే పైరు కాడ్మియాన్ని ఎక్కువ పీలుస్తుంది. అందుకే చౌడు ఉన్నచోట, క్లోరైడ్ ఉండే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు బదులు, ఖరీదు ఎక్కువైనా, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయమంటాను.

గట్టు మీది కుప్పను కాస్త తవ్వి, లోపలి తడి మట్టి పిడికెడు తీసి చూడండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అందులో గంధకం ఉన్నట్టే. ఇనుము, గంధకం కలిసినా మట్టి నల్లబడుతుంది, ఆ నలుపును చూసి బలమనుకోవద్దు. గాలి ఆడని బురదలో గంధకం లోహాలను కట్టి ఉంచుతుంది. దాన్ని పొలంలో పరిచి ఆరబెడితే ఆ కట్టు వీడి, కాడ్మియం వేళ్లకు అందుతుంది. పైరు పచ్చగానే ఉంటుంది, చేరేది గింజలోకి. ఏళ్ల తరబడి తింటే కిడ్నీలు దెబ్బతింటాయి.

మీ మడికి ఇప్పటికే కాలువ నీళ్లు పారాయి కాబట్టి, వెన్ను తీసే ముందు 3 వారాలు, తీశాక 3 వారాలు నేల ఆరనివ్వకండి. బోరు ఉంటే ఆ నీళ్లే పెట్టండి. చివరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి, జింక్ వేళ్ల దగ్గర కాడ్మియంతో పోటీ పడుతుంది. భాస్వరం ఎరువులతో మాత్రం కలపొద్దు. గట్టు మీది కుప్పపై మొలిచిన గడ్డిని గేదెలకు వేయకండి.

మామూలు భూసార పరీక్షలో సీసం, కాడ్మియం చూడరు. భార లోహాల పరీక్ష కావాలని ప్రత్యేకంగా అడగండి. ఇనుప పారతో కాకుండా చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో తూము దగ్గర అరకిలో, మడి చివర అరకిలో మట్టి విడివిడిగా తీయండి. రెండూ కలిపేయొద్దు. నీళ్లు మొదట నెమ్మదించేది తూము దగ్గరే, లోహాలు ఎక్కువ దిగేదీ అక్కడే.