ఫైల్ పూర్తిగా రానివ్వు అమ్మీ

అమ్మీ,

వచ్చే వారం నుంచి అపాచీ కామెల్ (ఫైళ్లను ఒకచోట నుంచి తీసుకుని ఇంకోచోటికి చేర్చే సాఫ్ట్‌వేర్) రూట్లన్నీ, అంటే ఏ ఫైల్ ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో చెప్పే కోడంతా, నీ చేతికిస్తున్నారని మీ నాయన ఫోన్లో చెప్పాడు. అబద్ధమెందుకు, కర్నూలులో మన వీధంతా చెప్పుకుని వచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు చిన్నప్పటి నుంచీ ప్రశ్న సగం చదివి జవాబు మొదలుపెట్టే రకం, ఈ పనిలో ప్రమాదమంతా అక్కడే ఉంది.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి. ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే పద్ధతి) అయితే బైనరీ ఆన్ చెయ్యి, డిఫాల్ట్‌గా ఆస్కీలో, అంటే మామూలు అక్షరాల ఫైల్ అనుకుని, వెళ్తుంది, జిప్ ఫైళ్లు పాడవుతాయి. లాగిన్ అయ్యాక ఫైళ్ల లిస్టు దగ్గర ఆగిపోతే పాసివ్ మోడ్ అనే సెట్టింగ్ చూడు. ఫెయిలైన ఫైళ్లు పోయే మూవ్‌ఫెయిల్డ్ ఫోల్డర్ పెట్టు, లేకపోతే చెడ్డ ఫైలునే మళ్లీ మళ్లీ తీసుకుని లాగ్ నింపేస్తుంది.

ఇక నా భయం సంగతి. నా పాత కంపెనీలో పాల రైతుల చెల్లింపుల ఫైల్ రాత్రిపూట వచ్చేది. రూట్ రాసినవాడు కడప కుర్రాడు, తెలివైనవాడే, కానీ ఫైల్ రాయడం అయిందో లేదో చూసుకునే రీడ్‌లాక్ సెట్టింగ్ ఏమీ పెట్టలేదు. అప్పుడు కామెల్ అర సెకనుకోసారి ఫోల్డర్ చూస్తుంది, పేరు కనబడగానే ఎత్తుకుపోతుంది, అవతలివాళ్లు ఇంకా రాస్తున్నారా అని చూడదు. మన యార్డులో ఉల్లి లారీ సగం దింపుతుండగానే కాటా వేసి చీటీ ఇచ్చినట్టు. చిన్న ఫైళ్లతో టెస్ట్ చేసినన్నాళ్లూ బాగానే నడిచింది. ఒక రాత్రి ఫైల్ పెద్దది, లింకు నెమ్మది. వరుస మధ్యలో తెగి, 18500 ఉండాల్సిన చోట 185 మిగిలింది. అదీ అంకే కదా, వరుసలు చదివే పార్సర్ ఒప్పేసుకుంది. ఎర్రర్ లేదు, అలర్ట్ లేదు. ఆ రైతుకు 185 రూపాయలు పడ్డాయి, ఆయన కింద ఉన్నవాళ్లకు అదీ లేదు.

పొద్దున చూస్తే, పని అయిన ఫైళ్లను కామెల్ జరిపే డాట్ కామెల్ ఫోల్డర్లో ఫైల్ నిండుగా ఉంది! లినక్స్‌లో అదే డిస్క్ మీద ఫైలును వేరే ఫోల్డర్‌కు జరిపినా, ముందే తెరిచి రాస్తున్నవాడి రాత ఆగదు, మిగతా సగం అక్కడికే పోయి చేరింది. ఫైల్ బాగుంది కాబట్టి తప్పు కోడ్‌దే అన్నారు అందరూ. ఆ పిల్లోడు అన్నం మానేసి, ఫైలును వరుసలుగా విడగొట్టే తన స్ప్లిటర్‌ను తానే అనుమానిస్తూ కూర్చున్నాడు. చివరికి ఫైల్ సైజు చెప్పే కామెల్‌ఫైల్‌లెంగ్త్ హెడర్ లాగ్‌లో ఉండబట్టి బయటపడింది, తీసుకున్నప్పటి సైజు వేరు, ఇప్పటి సైజు వేరు. నువ్వూ ఆ హెడర్‌ను ప్రతి ఫైలుకూ లాగ్ చెయ్యి, బద్ధకించావంటే ఊరుకోను.

రీడ్‌లాక్‌కు ఛేంజ్‌డ్ అని పెడితే చాలదా అంటావు. అది సైజూ, మార్పు టైమూ చూసి, ఒక సెకను ఆగి మళ్లీ చూస్తుంది, ఎఫ్‌టీపీలో ఐదు సెకన్లు. లింకు అంతకన్నా ఎక్కువసేపు నిలిచిపోతే వచ్చేసిందనే అనుకుంటుంది. ఆ టైమ్ పెంచుకో, ఫైల్ కొంత పాతబడ్డాకే తీసుకోమనే మిన్‌ఏజ్ కూడా పెట్టు. అసలైన మందు డన్ ఫైలే. పంపేవాళ్లు మొత్తం రాశాకే అదే పేరుతో చిన్న డన్ ఫైల్ పెట్టాలి, అది కనబడేదాకా కామెల్ ముట్టదు. వాళ్లు నసుగుతారు, పెద్దవాళ్లని మొహమాటపడకుండా అడుగు తల్లీ. చివరి వరుసలో మొత్తం రికార్డులెన్నో రాయమని కూడా అడుగు.

ఇంకోటి, ఫైలును జరపొద్దు, చెరపొద్దు అనే నోఆప్ సెట్టింగ్ పెడితే ఫైల్ ఉన్నచోటే ఉంటుంది, చదివినవి మెమరీలో గుర్తుపెట్టుకుంటుంది, డిఫాల్ట్‌గా వెయ్యి పేర్లు. రీస్టార్ట్ అయిందంటే అన్నీ మళ్లీ కొత్తవే. డబ్బులు రెండుసార్లు పడితే రైతు ఫోన్ చెయ్యడమ్మా. ఆ గుర్తులు డేటాబేస్‌లో పెట్టు.

శుక్రవారం సాయంత్రం లైవ్‌కు పెడతామంటే ఒప్పుకోవద్దు, సోమవారం చాలు. టెన్షన్ పడి తిండి మానకు. ఆ రూట్ వరుసలు నాకు వాట్సాప్ చెయ్యి, పాస్‌వర్డ్ మాత్రం తీసేసి పంపు.

మీ పెదనాయన