జీర్ణోద్ధరణకు పరిరక్షణ అవార్డు ఇవ్వొచ్చా?

సందేహం: అయ్యా, నమస్కారం. మాది ప్రొద్దుటూరు. మా జిల్లాలో పాత కోనేళ్లు, దేవళాలు, కోటగోడలు బాగు చేయించినవాళ్లకూ, జానపద కళలు నిలబెడుతున్నవాళ్లకూ పురస్కారాలు ఇవ్వాలని కొందరం అనుకున్నాం. ఎంపిక చేయడానికి చరిత్ర, శిల్పం, ఇంజనీరింగ్ తెలిసిన పెద్దలను అడిగాం. కరపత్రం రాసేటప్పుడు పేచీ వచ్చింది. వాళ్లను ఒకరు ‘న్యాయమూర్తులు’ అన్నారు, ఒకరు ‘న్యాయ నిర్ణేతలు’ అన్నారు. ‘ఇందులో న్యాయం, అన్యాయం ఏముంది, జ్యూరీ అని వేయండి’ అని ఇంకొకరు. పురస్కారం పేరుకు కూడా సంరక్షణ, పరిరక్షణ, పునరుద్ధరణ, జీర్ణోద్ధరణ అని నాలుగు మాటలు తేలాయి. అన్నీ ఒకటేనా?

సమాధానం: న్యాయమూర్తి వద్దు. అది కోర్టులో కూర్చునే పదవికి స్థిరపడిపోయింది. న్యాయనిర్ణేత సరైన మాటే, కాకపోతే మధ్యలో ఖాళీ లేకుండా కలిపి రాయండి. ‘ఇందులో న్యాయం ఏముంది’ అన్న మీ మిత్రుడికి ఒక మాట చెప్పండి: న్యాయం అంటే కోర్టు తీర్పు ఒక్కటే కాదు. పద్ధతి, నియమం, యుక్తి అనే అర్థాలు కూడా ఉన్నాయి. కాకతాళీయ న్యాయం, స్థాలీపులాక న్యాయం అనేటప్పుడు మనం ఏ కోర్టునూ తలుచుకోం కదా. ఒక పద్ధతి ప్రకారం తేల్చి చెప్పేవాడు న్యాయనిర్ణేత. ఒట్టి ‘నిర్ణేతలు’ అన్నా చాలు. ఆడవాళ్లు ఉంటే ‘నిర్ణేత్రి’ అని వెతకనక్కర లేదు. విజేత లాగే నిర్ణేత కూడా తెలుగులో ఇద్దరికీ చెల్లుతుంది.

అచ్చ తెలుగు కావాలంటే ‘తీర్పరి’ ఉంది. నేర్పు ఉన్నవాడు నేర్పరి అయినట్టే తీర్పు చెప్పేవాడు తీర్పరి. తెలుగు బైబిలు చదివినవాళ్లకు ఇది కొత్త మాట కాదు. నాకు ఇష్టమైన మాటే గానీ, కరపత్రంలో వేస్తే నలుగురూ ఆగి చూస్తారు. జ్యూరీ అన్నా తప్పు లేదు. మన దేశంలో క్రిమినల్ కేసుల విచారణలో జ్యూరీకి 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చోటు లేకుండా చేసినా, మాట మాత్రం అవార్డులను పట్టుకుని బతికింది. ఒక్క జాగ్రత్త: జ్యూరీ అంటే బృందం. ‘జ్యూరీలు ముగ్గురు వచ్చారు’ అనకండి, ‘జ్యూరీ సభ్యులు’ అనండి.

పురస్కారం పేరులో ‘వారసత్వం’ అనే మాట వేస్తే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అరబ్బీ నుంచి ఉరుదూ మీదుగా వచ్చిన ‘వారసు’కు సంస్కృతపు ‘త్వం’ తగిలించారని పండితులు ముఖం చిట్లించడం ఉంది. నవాబుల గుమ్మటాలు నిలిచి ఉన్న కర్నూలు పక్కన ఉండి మనం ఈ అభ్యంతరం పెట్టడం బాగుండదు. మాట స్థిరపడింది, వాడండి.

అసలు చిక్కు మీ రెండో ప్రశ్నలో ఉంది. ఆ నాలుగు మాటలూ ఒకటి కావు. మీరు పిలిచిన నిర్ణేతలు మార్కులు వేసేది సరిగ్గా ఆ తేడాల మీదే.

జీర్ణోద్ధరణ ధర్మకార్యానికి సంబంధించిన మాట. పాడుపడిన దేవళం మళ్లీ పూజకు రావాలి, అంతే. గర్భగుడికి గ్రానైట్ పరిచినా, రాతి స్తంభాలకు ఆయిల్ పెయింట్ వేసినా, పాత మండపం తీసేసి కాంక్రీటుది కట్టినా ఊరివాళ్లు ‘జీర్ణోద్ధరణ చేయించినారు’ అనే అంటారు, దాతల పేర్లు చెక్కిస్తారు. వాళ్ల లెక్కలో అది పుణ్యమే. వారసత్వ నిపుణుడి లెక్కలో మాత్రం అదే పెద్ద తప్పు. ఆ పెయింటు కింద శాసనం ఉండవచ్చు. మొట్టమొదటి తెలుగు శాసనాల్లో ఒకటిగా చెప్పే కలమళ్ల శాసనం గుడి ఆవరణలో దొరికిన రాయేనని కడప జిల్లావాళ్లకు వేరే చెప్పాలా?

పునరుద్ధరణ అంటే ఒకప్పటి స్థితికి తిరిగి తేవడం. (ఉత్, హరణ కలిసి ఉద్ధరణ అయింది కాబట్టి ధకు ఒత్తు తప్పదు. ‘పునరుద్దరణ’ అని బ్యానర్ కొట్టించకండి.) ఎంతవరకు తేవాలి? కట్టడాల నిపుణులు 1964లో రాసుకున్న వెనిస్ నియమావళి దీనికి గీత గీసింది: ఊహ మొదలైనచోట పునరుద్ధరణ ఆగిపోవాలి. లేపాక్షి పైకప్పు చిత్రాల్లో రంగు రాలిన చోట్లు ఉన్నాయి. అక్కడ ఏ బొమ్మ ఉండేదో తెలియకుండా కొత్తది గీస్తే అది పునరుద్ధరణ కాదు, కొత్త బొమ్మ.

పరిరక్షణ వీటన్నిటికంటే విశాలమైనది. ఉన్నదాని విలువ చెడకుండా నిలపడం దాని అర్థం. ఒక్కోసారి ఏమీ చేయకపోవడం కూడా పరిరక్షణే. లేపాక్షిలోనే పదహారో శతాబ్దంలో మొదలుపెట్టి సగంలో వదిలేసిన కల్యాణ మండపం ఉంది. ఎవరైనా దాత ముందుకొచ్చి దాన్ని పూర్తి చేయిస్తే జీర్ణోద్ధరణ అనలేం, అది జీర్ణం కాలేదు, అసలు పూర్తే కాలేదు. పునరుద్ధరణ అనలేం, పూర్తయిన రూపం ఎప్పుడూ లేదు. దాన్ని అసంపూర్తిగానే నిలపడం పరిరక్షణ. కాబట్టి మీ పురస్కారానికి ‘వారసత్వ పరిరక్షణ’ అని పెట్టండి. సంరక్షణ తప్పు కాదు గానీ, వాడుకలో అది పిల్లలు, వృద్ధులు, పశువుల వైపు జరిగింది.

యునెస్కో 2000 నుంచి ఆసియా, పసిఫిక్ దేశాలకు ఇస్తున్న పురస్కారాల పేరులోని ‘కన్జర్వేషన్’ అనే మాటకు కూడా తెలుగులో పరిరక్షణే తగింది. 2022లో గోల్కొండ మెట్లబావులకు డిస్టింక్షన్, కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు మెరిట్ వచ్చింది వాటిలోనే. అక్కడి నిపుణుల బృందం పని ఎంత బాగా చేశారన్నది ఒక్కటే చూడదు. ఆ చోటును ఎంత అర్థం చేసుకుని చేశారు, దానివల్ల జనానికి ఏం ఒరిగింది అని కూడా చూస్తుంది. ఇక్కడ స్థాలీపులాక న్యాయం పనికిరాదు. ఒక మెతుకు పట్టుకుంటే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుంది, ఒక మండపం చూస్తే గుడంతా ఎలా బాగుచేశారో తెలియదు.

ఇక తోలుబొమ్మలాట వంటి వాటికి ‘పునరుద్ధరణ’ అతకదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇంకా బొమ్మలు చేసే ఇళ్లున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బతికున్న కళను ఉద్ధరించామనడం ఆ కళాకారులకు చిన్నతనం. ‘కళలు నిలబెడుతున్నవాళ్లు’ అని మీరే ఉత్తరంలో రాశారు, అదే వేయండి. ఆ విభాగానికి ఒక బొమ్మలాటగాడిని కూడా నిర్ణేతగా పిలిస్తే బాగుంటుంది. ‘నిష్ణాతుడు’ అంటే ఆ విద్యలో మునిగి స్నానం చేసినవాడని అర్థం, డిగ్రీ ఉన్నవాడని కాదు.

మీరు అడగకపోయినా ఇంకొకటి. మీ కరపత్రం చివర ‘యునెస్కో గుర్తింపు పొందిన లేపాక్షి’ అని ఉంది. 2022లో లేపాక్షి చేరింది తాత్కాలిక జాబితాలో. ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాలంటే చారిత్రక కట్టడాల అంతర్జాతీయ సంస్థ ఇకోమాస్ నిపుణులు పరిశీలించి సలహా ఇవ్వాలి, 21 దేశాల ప్రపంచ వారసత్వ సమితి నిర్ణయించాలి. సలహా చెప్పేవాళ్లు నిపుణులు, తేల్చేవాళ్లు నిర్ణేతలు. రామప్ప గుడికి 2021లో ఆ నిర్ణయం జరిగింది, లేపాక్షికి ఇంకా జరగాలి. కాబట్టి అచ్చుకు ఇచ్చేముందు ఆ వాక్యాన్ని ‘యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్న లేపాక్షి’ అని మార్చండి.