జూలైలో వద్దురా చిన్నా

చిరంజీవి చిన్నాకు మావయ్య ఆశీస్సులు.

సరస్సులో బాస్ చేపల పోటీ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నా పక్కన కూర్చుని గాలానికి ఎర గుచ్చడం నేర్చుకున్న పిల్లాడు నలభై పడవల పోటీ నడపబోతున్నాడంటే ఛాతీ ఉప్పొంగింది. అంతలోనే "జూలైలోనట" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పర్మిషన్లు, లైఫ్ జాకెట్లు, ఇన్సూరెన్స్ నువ్వు చూసుకోగలవు. నా టెన్షన్ అంతా పట్టిన చేపల్ని ఒడ్డుకు తెచ్చి తూచే తూకం దగ్గరే.

ఒక వేసవిలో నాకు మూడో బహుమతి వచ్చింది, గుర్తుందా? ఐదు చేపలూ మధ్యాహ్నం దాకా లైవ్‌వెల్‌లో, అదే పడవలో చేపల్ని బతికించి ఉంచే నీళ్ల తొట్టిలో, బాగానే ఉన్నాయి. సంచిలో వేసుకుని తూకానికి లైన్లో నిలబడ్డాను. ముందు పదిహేను మంది. సంచిలో నీళ్లు కొంచెమే, పైన మాడ్చే ఎండ. పెద్ద చేప మొప్పలు గబగబా ఆడిస్తుంటే "ఎంత హుషారుగా ఉందో" అని పక్కవాడికి చూపించాను. ఊపిరాడక కొట్టుకుంటోందిరా అది! ఆ మాట నాకప్పుడు తెలియదు. ఫోటో కోసం దాన్ని దవడ పట్టుకుని నిలువునా వేలాడదీశాను కూడా. రేవు దగ్గర వదిలితే ఐదూ తోక ఆడించుకుంటూ లోపలికి పోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. చనిపోయినవి సున్నా అని కాగితం మీద రాసుకున్నారు.

మూడో రోజు, మర్చిపోయిన టోపీ కోసం వెళ్లాను. రేవు పక్కన నాచులో తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. ఒకదానికి జిగురు పొర ఊడిన చోట దూదిలా బూజు పట్టింది. అది నా చేపో కాదో ఇప్పటికీ చెప్పలేను. టోపీ తీసుకోకుండానే వచ్చేశాను.

జూలైలోలా నీళ్లు 25 డిగ్రీలు దాటాయంటే ఇలా ఆలస్యంగా చనిపోయేవి పెరుగుతాయి. వెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి. ఒక్క పోటీతో సరస్సు ఖాళీ కాదు, నిజమే. చాలా చోట్ల మొత్తం చేపల లెక్కలో ఆ దెబ్బ కనిపించదు కూడా. కానీ మనం తూకానికి ఏరి తెచ్చేవి పెద్దవి. అందులో ఎక్కువ గుడ్లు పెట్టే ఆడచేపలుంటాయి. వాటికి ఆ సైజు రావడానికి ఏళ్లు పడుతుంది.

అలాగని ఏప్రిల్‌కి మార్చకు. వసంతంలో గూడు కాసేది మగచేప. దాన్ని ఎత్తుకెళితే బ్లూగిల్స్ అనే చిన్న చేపలు నిమిషాల్లో వచ్చి గుడ్లు తినేస్తాయి. అక్టోబర్ మంచిది.

ఇంకా నా మాట వింటావా, ఒడ్డు మీద తూకమే ఎత్తెయ్. అమెరికాలో చేపల పోటీలు నడిపే మేజర్ లీగ్ ఫిషింగ్ వాళ్లు తమ పెద్ద పోటీల్లో పడవలోనే తూచి అక్కడే వదిలేసే పద్ధతి తెచ్చారు. పొడవు కొలిచే స్కేలు మీద పెట్టి ఫోటో తీసినా చాలు. 1972లో అమెరికాలో బాస్ పోటీలు నడిపిన రే స్కాట్ చేపల్ని ప్రాణాలతో వదలమన్నప్పుడు అది కొత్త సంగతి, ఈ రోజుల్లో ఎవరూ నిన్ను వింతగా చూడరు. తూకం తప్పదంటే లైన్ పెట్టకు, ఒకసారికి ఐదుగురినే పిలువు, సంచిలో రెండు నిమిషాలు మించనివ్వకు. అన్నింటినీ రేవు దగ్గరే వదిలితే చాలావరకు అక్కడక్కడే ఉండిపోతాయి, పడవలో తీసుకెళ్లి దూరంగా వదలండి.

కోప్పడుతున్నానని అనుకోకురా. ఆ రోజు నేనూ వస్తాను. నాకు వేదిక మీద కుర్చీ వెయ్యకు, సంచుల దగ్గర నిలబెట్టు.

మీ మావయ్య