దీవిలో తోడేళ్లు, తొట్టెలో గప్పీలు

ప్రశ్న: సార్, మూడు గప్పీ చేపలతో మొదలుపెట్టిన తొట్టె నాలుగేళ్లుగా నడుస్తోంది, బయటి చేపను ఒక్కటీ కలపలేదు. ఇప్పుడు పుట్టేవాటిలో కొన్నిటికి నడుము వంకర. బలహీనమైనవి చచ్చిపోయి గట్టివే మిగిలితే, తరం తరానికీ మంద గట్టిపడాలి కదా?
– ఒక పాఠకురాలు

జవాబు: నేనూ చాలాకాలం అలాగే అనుకున్నానమ్మా. వేలల్లో ఉన్న మందకు మీ లెక్క సరిపోతుంది. పదీ ఇరవై ఉన్నచోట అదృష్టానిదే పైచేయి. అమెరికా, కెనడాల మధ్య ఉన్న సుపీరియర్ సరస్సులో ఐల్ రాయల్ అనే దీవి ఉంది. 1940ల చివర్లో కొద్ది తోడేళ్లు గడ్డకట్టిన సరస్సు మీదుగా నడిచి అక్కడికి చేరాయి. 2012లో ఆ మంద తొమ్మిదికి పడిపోయింది. ఆ ఏడే నీళ్లు నిండిన పాత గని గుంతలో మూడు తోడేళ్ల శవాలు దొరికాయి. గుంతలో పడ్డదానికి బలమేం, బలహీనతేం? వాటితోపాటే వాటి జన్యువులూ పోయాయి.

ఇక రెండో చిక్కు. ప్రతి జంతువులోనూ కొన్ని చెడ్డ జన్యువులు దాక్కుని ఉంటాయి. తల్లి నుంచి చెడ్డది వచ్చినా తండ్రి నుంచి వచ్చిన మంచిది పని నడిపిస్తుంది. అమ్మానాన్నలు రక్తసంబంధులైతే ఒకే లోపం రెండువైపుల నుంచీ రావచ్చు. అప్పుడది బయటపడుతుంది. ఆ దీవిలో ఏరిన తోడేళ్ల ఎముకలను పరీక్షిస్తే, సగానికి పైగా వాటిలో వెన్నుపూసలు పుట్టుకతోనే సరిగ్గా ఏర్పడలేదు.

1997లో బయటినుంచి ఒక మగతోడేలు మంచు మీద నడిచొచ్చింది. మంద కోలుకుంది కూడా. కానీ అది మరీ గట్టిది! కొన్ని తరాల్లోనే మంద జన్యువుల్లో సగానికి పైగా దానివే అయ్యాయి, కూతురితో కూడా పిల్లలను కన్నది. మళ్లీ అంతా చుట్టాలే. 2016కి మిగిలినవి రెండు: తండ్రీ కూతురూ. ఇద్దరికీ తల్లి ఒకతే, అంటే ఆ తండ్రి తన తల్లితోనే ఆ కూతురిని కన్నాడు. చివరికి 2018, 2019లలో 19 తోడేళ్లను మనుషులే తెచ్చి వదిలారు.

ఇలాంటి చిక్కే వచ్చిన అమెరికాలోని ఫ్లోరిడాలో, 1995లో ఎనిమిది ఆడ ప్యూమాలను (పిల్లి జాతికి చెందిన పెద్ద అడవి జంతువులు) టెక్సాస్ నుంచి తెచ్చారు. ఆ తర్వాత ఫ్లోరిడా ప్యూమాల్లో తోక కొస వంకర, మగవాటిలో వృషణాలు కిందికి దిగకపోవడం బాగా తగ్గాయి.

మీ తొట్టెకు వద్దాం. నడుము వంకర జబ్బు వల్ల కూడా వస్తుంది, కాబట్టి చిక్కిపోతున్న చేపను ముందు వేరు చేయండి. తర్వాత వేరే పెంపకందారు దగ్గర మూడు నాలుగు ఆడచేపలను తెచ్చుకోండి, ఒక్కటి చాలదు. కొన్ని వారాలు విడిగా ఉంచాకే కలపండి.